పోర్చుగల్‌కి రెండోసారి: లిస్బన్, పోర్టో కాకుండా ఎటు వెళ్ళాలి?

బాన్_బాటసారి
మేం ఉండేది జర్మనీలో. రెండేళ్ళ కిందట అయిదు రోజులు లిస్బన్, పోర్టో తిరిగి వచ్చాం. నిజం చెప్పాలంటే నిరాశే మిగిలింది. పసుపు ట్రాము కోసం గంటకు పైగా నిలబడి, ఎక్కాక కూడా నిలబడే ఉన్నాం. ఏ వీధి మలుపు తిరిగినా అదే నాటా (గుడ్డుసొన కస్టర్డ్ నింపిన చిన్న తీపి టార్ట్), అదే సార్డీన్ డబ్బాల కొట్టు. ఒక హోటల్లో కూర్చున్నామో లేదో, అడగకుండానే రొట్టె, ఆలివ్ కాయలు, చిన్న చీజ్ ముక్క తెచ్చి పెట్టారు. ఎంత మర్యాదస్తులో అనుకుని తినేశాం. బిల్లులో తొమ్మిది యూరోలు పడింది.

ఇప్పుడు నవంబరు 3 నుంచి 13 దాకా మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి నాన్న కూడా వస్తున్నారు (అమ్మకు విమానమంటే భయం, రానంటే రానన్నది). నాన్న నరసరావుపేట దగ్గర ఒక ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు మాస్టారుగా పనిచేశారు. మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టరు. మా ఆవిడ అన్నీ తింటుంది. నేను ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళ పక్షం.

చేతిపని, పాత కట్టడాలు, ఆ ప్రాంతపు వంట ఒకేచోట దొరికే ప్రాంతం ఏదో ఒక్కటి చెప్పండి. పది ఊళ్ళ జాబితా వద్దు. ‘అన్నీ చూడవలసినవే’ అని మాత్రం దయచేసి రాయకండి.

పుల్లట్టు
మీరు నయం. నేను తెలివిగా ఆలివ్‌లు, రొట్టె వెనక్కి పంపి చీజ్ ఒక్కటే తిన్నాను. తీరా చూస్తే ఆ మూడింటిలో ఖరీదైనది అదే.

పోపులడబ్బా
లిస్బన్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నాను కాబట్టి ముందు ఆ రొట్టె సంగతి. దాన్ని కూవెర్ అంటారు. అది మోసం కాదు, అక్కడి వాడుక. వద్దనుకుంటే ముట్టకుండా తీసుకువెళ్ళమంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక ప్రాంతం. నా ఓటు అలెంతేజుకి. తేజు నదికి అవతల అని ఆ పేరుకి అర్థం. ఎవొరాలో మకాం పెట్టండి, లిస్బన్ నుంచి బస్సులో గంటన్నర. పాత ఊరంతా కోటగోడ లోపలే ఉంటుంది, 1986లోనే యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

అక్కడి వంట తెలుగు నాలుకకు ఎందుకు దగ్గరో చెబుతాను. అసోర్ద అని ఒకటి ఉంది. రోట్లో వెల్లుల్లి, దండిగా కొత్తిమీర, కల్లుప్పు వేసి నూరుతారు. ఆ ముద్ద గిన్నెలోకి తీసి, ఆలివ్ నూనె ధారగా పోసి, పైన సలసల కాగే నీళ్ళు ఒంపుతారు. ఆ క్షణంలో లేచే వాసనకి నాకు మా అమ్మమ్మగారి వంటిల్లు గుర్తొచ్చింది. అందులో నిన్నటి రొట్టె ముక్కలు వేసి నానీ నానకముందే తినాలి. పైన ఉడికించిన గుడ్డు వేస్తారు, నాన్నగారికి వద్దనండి. ఇంకో జాగ్రత్త: కొన్నిచోట్ల ఆ నీళ్ళు చేప ఉడికించినవి. ముందే అడగండి.

తెనాలి_తిక్క
అంటే చద్దన్నంలో రోటి పచ్చడి కలుపుకోవడమే కదా. దానికి విమానం ఎక్కాలా?

పోపులడబ్బా
తిక్క గారూ, చద్దన్నమూ బీదవాడి తిండే, ఇదీ బీదవాడి తిండే. గోధుమ చేలల్లో కూలీలు నిన్నటి రొట్టె పారెయ్యలేక కనిపెట్టింది. ఇప్పుడు తెల్లగుడ్డ పరిచిన బల్లల మీదికి ఎక్కింది. మన చద్దన్నం కూడా అదే దారిలో ఉంది, గమనించారో లేదో.

కరీంనగరం_తీగ
నేను ఒప్పుకోను. డ్రాయింగు మాస్టారికి చేతిపని చూపించాలంటే ఉత్తరానికి, మీన్యో ప్రాంతానికి వెళ్ళాలి. వియానా దు కస్తేలులో పండగనాడు ఆడవాళ్ళు ఛాతీ నిండా బంగారం వేసుకుంటారు, అందులో సగం తీగపనే. ఆ నగలు తయారయ్యేది మాత్రం గొందొమార్, పొవొవా ద లన్యోజు అనే ఊళ్ళలో.

మా పెదనాన్న కరీంనగర్‌లో వెండి తీగపని చేసేవారు. గొందొమార్‌లో ఒక పనివాడి బల్ల ముందు నిలబడితే నాకు మాట రాలేదు. వెంట్రుకంత సన్నని రెండు తీగల్ని కలిపి పురిపెట్టి, సాగగొట్టి, పట్టకారుతో చుట్టలు చుట్టి చట్రంలో కూరుస్తున్నాడు. పెదనాన్న కూడా అచ్చం అలాగే ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. నేను ఫోనులో కరీంనగర్ గంధపు బుడ్డి ఫొటో చూపిస్తే, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు చూశాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా అరగంట మాట్లాడుకున్నాం.

గురువారం అయితే బార్సెలుష్ సంత కూడా కలిసొస్తుంది. అంతటా కనిపించే ఆ రంగుల కోడిపుంజు ఆ ఊరిదే.

పోపులడబ్బా
తీగ గారి మాట కాదనను. కాకపోతే ఆ బంగారం పండగ ఆగస్టులో. నవంబరులో మీన్యోలో వాన పట్టుకుంటే వదలదు. పెద్దవారితో తడి రాళ్ళ వీధుల్లో నడక మంచిది కాదు.

కరీంనగరం_తీగ
వాన ఉంటే ఏం, వేడి వేడి కల్దు వెర్ద్ తాగొచ్చు. బంగాళదుంప, సన్నగా తరిగిన ఆకుకూర.

పుల్లట్టు
అందులో ఒక సాసేజ్ ముక్క వేస్తారు తీగ గారూ, అది మరిచిపోయారు. ‘మాంసం వద్దు’ అంటే ఆ ముక్క తీసేసి అదే గిన్నె మళ్ళీ తెచ్చారు నాకు. ఇంకోచోట మాంసం లేనిది ఇమ్మంటే ట్యూనా సలాడ్ వచ్చింది. చేప మాంసం ఎలా అవుతుందని ఎదురు ప్రశ్న. ‘సెం కార్న్, సెం పెయ్‌ష్’, అంటే మాంసమూ చేపా రెండూ వద్దు, అని జంటగా చెప్పాలి. ఒకటి చెప్పి ఊరుకుంటే రెండోది వస్తుంది.

రైలు_కిటికీ
ఇద్దరూ దోరు నదిని వదిలేశారు. పోర్టోలో సావ్ బెంతు స్టేషను ముందు గదిలోనే మాస్టారు ఒక పూట గడిపేస్తారు. దాదాపు 20,000 టైల్స్, జోర్జి కొలాసు చిత్రాలు, యుద్ధాలూ ఊరేగింపులూ. అక్కడే రైలెక్కి పిన్యావ్ దాకా వెళ్ళండి. వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చుంటే నది మీ పక్కనే ఉంటుంది. పిన్యావ్ స్టేషను గోడల మీద ద్రాక్ష కోత దృశ్యాలు నీలం టైల్స్‌లో ఉంటాయి. ఆ రంగు వల్లే కదా ఇక్కడి టైల్స్‌కి అజులేజు అనే పేరు, అజుల్ అంటే నీలం.

ఓరుగల్లు_కోట
చిన్న సవరణ. అజులేజుకీ నీలానికీ సంబంధం లేదు. అరబ్బీ ‘అల్ జులైజ్’ నుంచి వచ్చింది, నున్నగా చేసిన చిన్న రాయి అని. మొదట స్పెయిన్‌లోని సెవిల్ నుంచి తెప్పించుకున్న టైల్స్‌లో ఆకుపచ్చ, తేనె రంగు, అన్నీ ఉన్నాయి. చైనా పింగాణీ మోజు, డచ్చివారి టైల్స్ ప్రభావం కలిసి తర్వాత నీలం తెలుపు రాజ్యమేలాయి.

లిస్బన్‌లో దిగిన రోజు ఖాళీ ఉంటే టైల్స్ మ్యూజియం చూడండి. రాణి లియొనోర్ 1509లో కట్టించిన కన్యకామఠంలో ఉంది. 1755 భూకంపానికి ముందటి లిస్బన్ నగరమంతా 23 మీటర్ల పొడవున టైల్స్ మీద పరిచి ఉంటుంది. కూలిపోయిన నగరం గోడ మీద మిగిలింది.

రైలు_కిటికీ
నీలం సంగతి ఇరవై ఏళ్ళుగా అందరికీ తప్పు చెబుతున్నానన్నమాట. సరే. దానికి బదులు ఇంకో మాట ఇస్తాను: దోరు లోయలో ద్రాక్షసారా కొలత ఈనాటికీ ‘పీప’. 550 లీటర్ల పీపా. మన పీపా అదే.

తెనాలి_తిక్క
అనాస, మేస్త్రి, తువ్వాలు, అలమారా, ఇస్త్రీ, అన్నీ వాళ్ళవేనని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. సబ్బు కూడా.

ఓరుగల్లు_కోట
సబ్బు దగ్గర ఆగండి. అరబ్బీ సాబూన్ కూడా హక్కుదారే. మిగతావాటితో నాకు పేచీ లేదు. ముంబయి పావ్ భాజీలో పావ్ కూడా వాళ్ళ రొట్టె పేరే. అన్నిటికన్నా పెద్దది మిరపకాయ. అమెరికా ఖండం నుంచి వాళ్ళ ఓడల్లోనే మనకు చేరింది. అది ఇచ్చినవాళ్ళు కొత్తిమీరా వెల్లుల్లితో సరిపెట్టుకోవడం, మనం గుంటూరులో దానికో మార్కెట్ యార్డు కట్టుకోవడం చూస్తే నవ్వొస్తుంది.

బాన్_బాటసారి
నాన్నకు ఈ పేజీ చదివి వినిపిస్తున్నాను. పీపా దగ్గర ఆగిపోయి మిగతావి మళ్ళీ చదవమన్నారు. సగం మనసు అలెంతేజు వైపు వెళ్ళింది. కానీ తీపి సంగతి? ఆయన భోజనం మానేసినా మానేస్తారు గానీ తీపి మానరు.

తెనాలి_తిక్క
అయితే మాస్టారికి గడ్డుకాలమే. ఆ దేశంలో తీపి అంటే పచ్చసొనే. మఠాల్లో సన్యాసినులు బట్టలకు గంజిగా తెల్లసొన వాడి, మిగిలిన పచ్చసొనలో పంచదార పోసి వండారని చెబుతారు. పేర్లు చూడండి: ఒకదాని పేరు ‘సన్యాసిని పొట్ట’, ఇంకోదాని పేరు ‘స్వర్గపు పంది కొవ్వు’. దాంట్లో ఒకప్పుడు నిజంగానే పంది కొవ్వు వేసేవారట.

పోపులడబ్బా
గడ్డుకాలమేమీ లేదు. ఎల్వాష్ ఊరి పేరు మీద పంచదార పాకంలో ఊరిన ఆకుపచ్చ రేగు లాంటి పళ్ళు దొరుకుతాయి, గుడ్డు లేదు. మర్మెలాద అడగండి, మర్మేలు అనే పండు గుజ్జూ పంచదారా కలిపి గట్టిపడేదాకా ఉడికించిన బిళ్ళ. చాకుతో కోసి చీజ్ మీద పెట్టుకు తింటారు. శరదృతువులోనే కొత్తది వస్తుంది. ఎండు అంజూరాలు, కాల్చిన చెస్ట్‌నట్లు సరేసరి. నవంబరులో వీధి మూలల్లో ఆ పొగ కనిపిస్తే అటు నడవండి.

చీజ్ విషయంలో ఒక శుభవార్త. చాలా రకాల చీజ్ కోసం పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారని చాలామంది శాకాహారులకు తెలియదు. ఎవొరా, సెర్ప, సెర్ర ద ఎష్త్రెల గొర్రెపాల చీజ్‌లకు మాత్రం ముళ్ళమొక్క పువ్వు కేసరాలు నీళ్ళలో నానబెట్టి, ఆ రసంతో పాలు తోడుపెడతారు. కాస్త చేదు తగులుతుంది. నాన్నగారు నిశ్చింతగా తినవచ్చు.

సంచారి_సుబ్బమ్మ
ఎవొరాలో ఎముకల గుడి ఉంది, చెప్పలేదేం ఎవరూ? సావ్ ఫ్రాన్సిస్కు చర్చి పక్కన. గోడలన్నీ, స్తంభాలన్నీ పుర్రెలూ ఎముకలూ. గుమ్మం మీద ‘ఇక్కడున్న ఎముకలం, మీ ఎముకల కోసం ఎదురుచూస్తున్నాం’ అని రాసి ఉంటుంది. మా వారు ఆ వాక్యం చదివి బయటే బెంచీ మీద కూర్చుండిపోయారు. నేను ఒక్కదాన్నే వెళ్ళి చూసి వచ్చాను. భయం వెయ్యలేదు. ఇన్ని ఎముకలు వరసగా పేర్చిన చెయ్యి ఎవరిదా అని మాత్రం అనిపించింది.

దారిలో చెట్ల మొదళ్ళ మీద తెల్ల రంగుతో 7, 9 అని అంకెలు వేసి ఉన్నాయి. అవేమిటో ఎవరైనా చెప్పగలరా? ఇన్నాళ్ళూ అడగడం మరిచాను.

పోపులడబ్బా
అవి బెండు చెట్లు సుబ్బమ్మ గారూ. సీసా బిరడాలకు వాడే బెండు ఆ బెరడే. ఒలిచిన సంవత్సరం చివరి అంకె రాస్తారు. 7 అంటే 2017లో ఒలిచినట్టు. తొమ్మిదేళ్ళ దాకా మళ్ళీ ముట్టుకోకూడదు. చెట్టు నాటాక మొదటి ఒలుపుకే పాతికేళ్ళు పడుతుంది, బిరడాకు పనికొచ్చేది మూడో ఒలుపు నుంచే.

పుల్లట్టు
పాతిక, పద్దెనిమిది, కలిపితే నలభై మూడేళ్ళు. మా ఇంటి రిజిస్ట్రేషను వివాదం కూడా అంత పట్టలేదు.

తెనాలి_తిక్క
పోర్చుగల్‌వే అయిన అజోర్స్ దీవులు ఎవరూ చెప్పరేం? ఫుర్నష్‌లో భూమిలో గొయ్యి తీసి, వంటపాత్ర దించి, అగ్నిపర్వతపు వేడికి గంటల తరబడి ఉడికిస్తారు. పక్కనే తేయాకు తోటలు కూడా ఉన్నాయి.

రైలు_కిటికీ
ఆ పాత్రలో కూరగాయలు కూడా మాంసంతో కలిపే ఉడుకుతాయి. మాస్టారు గొయ్యి చూసి రావాలి, అంతే.

ఓరుగల్లు_కోట
అలెంతేజు ఖాయమైతే మూడు చెబుతాను. ఎస్ట్రెమోజ్: శనివారం సంత, రంగులద్దిన మట్టిబొమ్మలు (2017లో యునెస్కో గుర్తింపు). కళ్ళకు గంతలు కట్టుకున్న ‘ప్రేమ గుడ్డిది’ బొమ్మ ముందు కొండపల్లి చూసినవాళ్ళు తప్పక ఆగుతారు. ఆ ఊళ్ళో పేవుమెంటు అంచులు కూడా పాలరాయే. రెండు, అల్కాసొవాష్: పశువుల మెడగంటల ఊరు. మూడు, ఎక్కడైనా సరే సాయంత్రం కాంత్ వినండి. వాద్యం ఉండదు. ఒకరు ఎత్తుకుంటారు, రెండోవారు పై స్థాయిలో అందుకుంటారు, తర్వాత బృందమంతా. చాలా నెమ్మది పాట, ఓపిక ఉండాలి. ఫాదు (గిటార్లతో పాడే లిస్బన్ విషాద గీతం) అనుకుని వెళ్ళకండి.

కారు లేకపోతే ఇవేవీ జరగవు. ఆదివారం బస్సుల మీద ఆశ పెట్టుకోవద్దు.

కరీంనగరం_తీగ
నా మాట ఎవరూ వినలేదని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

బాన్_బాటసారి
వచ్చేశాం. బాకీ తీర్చుకుంటున్నాను, కాస్త పెద్ద పోస్టు.

ఎవొరాలో ఏడు రాత్రులు ఒకే ఇంట్లో. మూడోరోజుకి రొట్టెల కొట్టావిడ నాన్నను చూడగానే అడగకుండానే అరకిలో రొట్టె కోసి పెట్టేది. దానికి డబ్బు ఇవ్వాలని ఈసారి మాకు తెలుసు. అసోర్ద గుడ్డు లేకుండా, వట్టి నీళ్ళతో చేయించాం. నాన్న మొదటి చెంచా తిని, కారం లేదు గానీ తప్పు పట్టలేను అన్నారు. రెండోరోజు జేబులోంచి ఎండుమిర్చి తీశారు. జర్మనీ నుంచి తెచ్చుకున్నారని నాకు తెలియదు.

మీరెవరూ చెప్పనిది ఒకటి దొరికింది. ఎవొరా విశ్వవిద్యాలయం, 1559లో జెసూయిట్లు పెట్టినది. పాత భవనంలో తరగతి గదుల గోడలకు నడుమెత్తు దాకా టైల్స్. ఏ గదిలో ఏ పాఠం చెప్పేవారో ఆ పాఠం తాలూకు బొమ్మలు. ఒక గదిలో అలెగ్జాండరుకి అరిస్టాటిల్ పాఠం చెబుతున్నాడు. ఇప్పటికీ అక్కడ క్లాసులు జరుగుతున్నాయి, వెనక బల్ల మీద ఎవరిదో నీళ్ళ సీసా ఉంది. నాన్న చాలాసేపు నిలబడి, ‘మా బడిలో చార్టులు చెదలు తిన్నాయిరా, ఇది ఏ చెద తింటుంది’ అన్నారు. తర్వాత రోజు పుస్తకం, పెన్సిలు పట్టుకుని ఒక్కరే వెళ్ళారు.

ఎముకల గుడికి నేను, మా ఆవిడ వెళ్ళాం. నాన్న సుబ్బమ్మ గారి భర్త పక్షం.

నవంబరు 11న సావ్ మర్తీన్యు పండగ. విలా ద ఫ్రాదెష్‌లో మనిషెత్తు మట్టి బానల్లో పులిసిన కొత్త ద్రాక్షసారా ఆ రోజే తీస్తారు. తొక్కలన్నీ అడుగుకు దిగి వాటంతట అవే వడపోత అవుతాయి, బాన కింది చిల్లులోంచి తేటగా వస్తుంది. నాన్న తాగరు కదా, బాన మీద తట్టి చూసి, కాలిందో లేదో చెప్పి, చెస్ట్‌నట్లు తిన్నారు. అక్కడే ముసలివాళ్ళు కొందరు గోడకు ఆనుకుని కాంత్ పాడారు. ఓరుగల్లు గారూ, ఓపిక గురించి మీరు చెప్పింది నిజమే. రెండో పాటకి మా ఆవిడ ఆవులించింది, నాలుగో పాటకి ఏడ్చింది.

అన్నిటికన్నా నాకు మిగిలింది అల్కాసొవాష్. ఇనుప రేకును మడిచి గంట ఆకారంలో సుత్తితో కొడతారు. చుట్టూ రాగి ముక్కలు పెట్టి, గడ్డి కలిపిన బంకమట్టితో మొత్తం ముద్దలా కప్పేస్తారు. చూస్తే పెద్ద మట్టి ఉండ, అంతే. కొలిమిలో కాలాక తీసి, చల్లార్చి మట్టి పగలగొడితే లోపల ఇనుము రాగిపూతతో మెరుస్తూ వస్తుంది. అప్పుడింకా దానికి గొంతు ఉండదు. పనివాడు చెవి దగ్గర పెట్టుకుని, ఒక దెబ్బ, మళ్ళీ వినడం, ఇంకో దెబ్బ. ఎక్కడ ఆపాలో అతనికే తెలుసు. కాపరి తన మందను ఆ శబ్దంతోనే గుర్తుపడతాడట. నాన్న ఒకటి కొన్నారు.

తిరుగు ప్రయాణంలో తనిఖీ దగ్గర దాన్ని సంచిలోంచి తీసి, ఇదేమిటన్నారు. నాన్న తెలుగులో ‘గంట’ అన్నారు. అతను ఊపాడు. వరసలో ఉన్నవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. ఇంకొకతను వచ్చి అతనూ ఊపాడు.

పోపులడబ్బా
ఆ విశ్వవిద్యాలయం గేటు ముందు నుంచి నేను పదిసార్లు నడిచాను. ఒక్కసారీ లోపలికి వెళ్ళలేదు.

కరీంనగరం_తీగ
ఆ సుత్తి దెబ్బల వర్ణన చదివి కాస్త మెత్తబడ్డాను. మీన్యో మాత్రం ఇంకా ఉంది, ఎక్కడికీ పోలేదు.

పుల్లట్టు
గంట వచ్చింది సరే. ఆవు ఏదీ?

బాన్_బాటసారి
నాన్న ఊరు వెళ్ళాక దాన్ని పూజగదిలో కడతానంటే అమ్మ ఒప్పుకోలేదట. పెరటి గుమ్మానికి కట్టారు. పాలబ్బాయి పొద్దున్నే వచ్చి అదే ఊపుతున్నాడు.